దుబాయి ఇటుకల క్రేనుకు ఆరి వెలిగే లైటు

దుకాణం బోర్డు మీద ‘రేడియో, టేప్‌రికార్డర్ రిపేరు’ అని ఉండేది. పెద్దపల్లి స్టేషన్ నుంచి బజారుకు వచ్చే దారిలో, టేకు తలుపుల చిన్న గది. ఆ బోర్డు చూసి నేను జీవితమంతా రేడియోలే బాగుచేశానని అనుకున్నవాళ్లకు సగం సంగతే తెలుసు. ఓ పదేళ్లపాటు నా టేబుల్ మీద రేడియోల కన్నా బొమ్మలే ఎక్కువ కూర్చున్నాయి. అవి కూడా మామూలు బొమ్మలు కావు, దుబాయి నుంచి ఓడలు, విమానాలు ఎక్కి వచ్చినవి.

ఇప్పుడు ఐటీఐలో ఎలక్ట్రానిక్స్ చదివే పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికొచ్చి, పనిలో పడే ముందు ఏం తెలుసుకోవాలని అడుగుతుంటారు. చదువు సంగతి మీ సార్లు చెప్తారు. సర్టిఫికెట్లూ లోన్లూ నాకన్నా మీకే బాగా తెలుసు. నేను పనిచేసిన ఇద్దరు యజమానుల గురించి, ఒక క్రేను గురించి రాస్తాను. అందులోంచి ఏమన్నా ఏరుకుంటే ఏరుకోండి, లేకపోతే చదివి పక్కన పడేయండి. నాకేం కోపం రాదు. వస్తుందేమో గానీ చూపించను.

ఉస్తాద్, లక్క సేటు

అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమానికి కాలేజీలు మూతబడ్డాయి. ఖాళీగా తిరిగితే చెడిపోతానని మా బాపు నన్ను కరీంనగర్‌లో మహబూబ్ సాబ్ రేడియో దుకాణంలో కూర్చోబెట్టాడు. కాలేజీ తెరిచాక కూడా నేను తిరిగి పోలేదు. ఆయన్ని ఉస్తాద్ అని పిలిచేవాణ్ణి. ఒకే మాటలో తెలుగూ దక్కనీ కలిపి తిట్టేవాడు. ఆ తిట్లలో సగం అర్థమయ్యేవి కావు కాబట్టి సగమే బాధపడేవాణ్ణి.

ఒకసారి ఒక పంతులు గారి రేడియో వచ్చింది. ముందున్న అద్దం వదులై గడగడలాడుతోంది. ఉస్తాద్ నమాజుకు పోయినప్పుడు నేనే దానికి చుట్టూ గమ్ము పెట్టి బిగించేశాను. చూడ్డానికి కొత్తదానిలా ఉంది. ఉస్తాద్ వచ్చి అటూ ఇటూ తిప్పి చూశాడు.

“మంచిగున్నది. ఇగ అద్దం తియ్యి.”

“ఎందుకు ఉస్తాద్? ఇప్పుడే పెట్టిన గద.”

“లోపల స్టేషన్ ముల్లును తిప్పే దారం తెగిందనుకో. తియ్యి.”

తీశాను. అద్దం నిలువునా పగిలింది. చెంప మీద పడుతుందని కళ్లు మూసుకున్నాను. ఉస్తాద్ తీరిగ్గా పాన్ నములుతూ అన్నాడు: “బంద్ జేసుడు ఎవనికైనా అస్తది బేటా. మల్ల తెర్సేటోని గురించి జర సోంచాయించు.”

అంటే, రేపు ఈ సెట్టు విప్పేవాడు ఒకడుంటాడు, వాడి గురించి ఆలోచించు అని. పంతులు గారికి పగుళ్ల సంగతి నా నోటితోనే చెప్పించాడు. కొత్త అద్దానికి గమ్ము వాడలేదు. రెండు చిన్న క్లిప్పులు పెట్టాడు. వేలితో నొక్కితే ఊడి వచ్చేవి.

ఆ తర్వాత ఏడాదిన్నర కాగజ్‌నగర్‌లో వేరే ఒకాయన దగ్గర చేశాను. ఆయన సరిగ్గా తలకిందులు. రిపేరు చేసిన ప్రతి సెట్టుకూ స్క్రూల మీద ఎర్ర లక్క కరిగించి పోసేవాడు. ఇంకో మెకానిక్ విప్పకూడదట. పేపరు మిల్లు కాలనీ వాళ్లు చచ్చినట్టు మళ్లీ ఆయన దగ్గరికే రావాలట. మేం చాటుగా లక్క సేటు అనేవాళ్లం. మీకు అబద్ధం చెప్పను, ఉస్తాద్ కన్నా ఆయనే బాగా సంపాదించాడు. కానీ ఆ దుకాణం మెట్లు ఎవరూ నవ్వుకుంటూ ఎక్కగా నేను చూడలేదు. నాకక్కడ ఊపిరాడక పెద్దపల్లి వచ్చి సొంతంగా పెట్టుకున్నాను.

షోకేసు సామాన్లు

ఎనభైల్లో మా దిక్కు నుంచి దుబాయి, మస్కట్, సౌదీ పోవడం ఎక్కువైంది. పోయినవాళ్లు బొంబాయిలో దిగి రైలెక్కి, తాళ్లు కట్టిన పెట్టెలతో ఇంటికి వచ్చేవారు. కంబళ్లు, సెంటు బుడ్లు, టూ ఇన్ వన్ టేప్‌రికార్డరు, పిల్లలకొక బొమ్మ. వచ్చిన వారంలోపు అందులో ఏదో ఒకటి నా టేబుల్ మీదికి వచ్చేది. సౌదీ సెట్లకు వెనుక చిన్న మీట ఉంటుంది, మన కరెంటుకు తగ్గట్టు దాన్ని జరపాలి. ఎవరూ జరిపేవాళ్లు కాదు. ఊరందరినీ పిలిచి, కొబ్బరికాయ కొట్టి, ప్లగ్గు పెట్టి, పొగ చూసేవాళ్లు. ఆ మీట పుణ్యాన నా పిల్లలు చదువుకున్నారని మా ఇంటావిడ ఇప్పటికీ అంటుంది.

బొమ్మల సంగతి వేరు. బొమ్మ పిల్లల కోసమే వస్తుంది, కానీ పిల్లల చేతికి రాదు. ముందు గదిలో గోడకు అద్దాల షోకేసు, అందులో పాలిథిన్ కవర్ తియ్యకుండా బొమ్మ. చుట్టాలొస్తే చూపించాలి కదా. పిల్లలు అద్దానికి ముక్కులు ఆనించి చూసేవాళ్లు.

వాటిలో నాకు నచ్చినవి ప్లాస్టిక్ ఇటుకలవి. చిన్నచిన్న ఇటుకలు, నెత్తిన బొడిపెలు, కింద గుంటలు. ఒకదాని మీద ఒకటి నొక్కితే పట్టుకుంటాయి, లాగితే ఊడతాయి. ఇల్లు కట్టొచ్చు, విప్పి ఓడ కట్టొచ్చు. కొన్నింటికి చిన్న మోటారు కూడా ఉంటుంది, సెల్లు వేస్తే చక్రం తిరుగుతుంది. మేమంతా దుబాయి ఇటుకలు అనేవాళ్లం.

మొదటిసారి అవి నా దగ్గరికి స్టీలు తాంబాళంలో వచ్చాయి. సుల్తానాబాద్ నుంచి ఒకామె బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చింది. ముఖం చిన్నబుచ్చుకుని ఉంది.

“బొంబాయిల ఎవడో పెట్టె ఎత్తి పడేసిండట. బొమ్మ మొత్తం పలిగిపోయింది.”

చూస్తే ఏదీ పగల్లేదు. విడివిడి ఇటుకలు, అంతే. నేను వాటితో రైలింజను జోడించి, మోటారు పెట్టి, ఆమె ముందే తిప్పి చూపించాను. ఆమె వేలితో పొడిచి చూసింది. ఒక ఇటుక ఊడింది.

“మల్ల ఊడుతుంది గద.”

“ఊడాలమ్మా. ఊడదీసి మల్ల ఇంకోటి చేసుకోవాలె.”

“దుబాయి నుంచి తెచ్చింది ఊడుతదా? నువ్వు జర మంచిగ అతికియ్యి.”

ఎంత వాదించినా ఓడిపోయాను. నేను అతికించనంటే ఆమె పక్క దుకాణంలో గమ్ము కొనుక్కుని పోయింది. తర్వాత ఎన్ని ఇళ్లలో చూశానో. రైళ్లు, లారీలు, గాలిమరలు, అన్నీ గమ్ముతో బిగుసుకుని షోకేసుల్లో నిలబడి ఉండేవి. మా వాళ్లను తప్పుపట్టను. అంత దూరం పోయి కష్టపడి తెచ్చిన వస్తువు ముక్కలుగా ఊడితే ఎవరి మనసు ఒప్పుకుంటుంది?

లైట్ల పని

షోకేసులో బొమ్మ తిరిగితే చాలదని, లైటు కూడా ఆరుతూ వెలగాలని ఎవరు మొదలుపెట్టారో తెలియదు. ఒకరింట్లో పెడితే బజారంతా అడిగారు. ఈ పని ఏ పుస్తకంలో లేదు. నేనే చెడగొట్టుకుంటూ నేర్చుకున్నాను.

మొదట్లో మోటారు సెల్లుకే బల్బు కూడా తగిలించాను. లైటు వెలిగితే మోటారు నీరసపడేది, మోటారు ఊపందుకుంటే లైటు గుడ్డిదయ్యేది. లైటుకు దాని సెల్లు దానికి వేరుగా ఇవ్వాలని తెలియడానికి ఒక రైలింజను, ఒక పెద్దమనిషి కోపం ఖర్చయ్యాయి. ఇక ఆరి వెలగడానికి ట్రాన్సిస్టర్లు పెట్టేవాణ్ణి. బాగానే పనిచేసేది, కానీ చెడిపోతే ఇంట్లోవాళ్లకు ఏమీ అర్థమయ్యేది కాదు. చివరికి సులువైన దారి దొరికింది. మోటారు తిప్పే కాడకు ఒక పక్క చిన్న బొడిపె ఉంటుంది. దాని పక్కన సన్నని ఇత్తడి రేకులు రెండు నిలబెట్టాలి. కాడ తిరిగి బొడిపె తగిలినప్పుడల్లా రేకులు రెండూ కలుస్తాయి, లైటు వెలుగుతుంది. బొడిపె దాటిపోతే విడిపోతాయి, ఆరిపోతుంది. చిన్న పిల్లకు కూడా చూస్తే అర్థమవుతుంది.

వైర్ల కొసలను మాత్రం సోల్డర్ కరిగించి అతికించేవాణ్ణి కాదు. స్క్రూలతో బిగించే కనెక్టర్లే వాడేవాణ్ణి. విప్పేవాడి గురించి ఆలోచించమని ఉస్తాద్ చెవిలో చెప్తూనే ఉండేవాడు.

కొమురయ్య మామ క్రేను

కొమురయ్య మామ నాకు చుట్టం కాదు, పిలుపు వరస. వడ్రంగి. నా దుకాణం టేకు తలుపులు ఆయన చేసినవే. ఒక్కడే కొడుకు మల్లేశం. ఇక్కడ లారీ తోలేవాడు, దుబాయి పోయి క్రేను నడుపుతున్నాడు. అతను పోయేనాటికి కూతురు సుజాత పాలు తాగే పిల్ల.

మొదటిసారి సెలవు మీద వచ్చినప్పుడు ఆ పిల్లకు రెండేళ్లు. నాన్నను చూసి గుక్కపట్టి ఏడ్చింది. సెలవంతా తాత కాళ్ల సందునో, వడ్ల బస్తాల వెనుకనో దాక్కుంది. ఒక్క పూట కూడా అతని ఒళ్లోకి రాలేదు. పోయేరోజు స్టేషన్‌లో మల్లేశం చేతులు చాపితే తాత భుజంలో ముఖం దాచుకుంది. రైలు కదిలాక కొడుకు కిటికీలోంచి అలాగే చేతులు చాపి ఉన్నాడని మామ నాతో ఎన్నిసార్లు చెప్పాడో.

రెండో సెలవు దగ్గర పడింది. పిల్లకు ఐదేళ్లు. ఒక మధ్యాహ్నం మామ గోనెసంచిలో ఏదో జాగ్రత్తగా మోసుకొచ్చి టేబుల్ మీద పెట్టాడు. పసుపు రంగు ఇటుకల క్రేను. పొడుగాటి చెయ్యి, కింద క్యాబిను, కొక్కెం, లోపల మోటారు.

“మనోడు దోస్తుతోని పంపిండు. అన్ని ముక్కలే. పుస్తకంల బొమ్మలు చూసుకుంట జోడిచ్చిన.”

నేను ఎత్తి ఊపి చూశాను. ఎక్కడా కదలలేదు. “ఏంది మామా, ఇటుక ఇటుక ఇంత బిగువున్నది?”

“బోరు పైపులకు రాసే గమ్ము పెట్టిన. నా చేతిల జోడు పడ్డది ఇప్పటిదాంక ఏదన్న ఊడిందా, చెప్పు.”

నా తలుపుల వంక చూశాను. నిజమే, ఊడలేదు. పైపుల గమ్ము అంటే మామూలు గమ్ము కాదు, రెండు ప్లాస్టిక్కులను కరిగించి ఒకటి చేస్తుంది.

“మల్లేశం నడిపే క్రేను నెత్తిమీద ఎర్ర లైటు ఆరుకుంట వెలుగుతదట, విమానాలకు కనవడాలని. గట్లనే దీనికి పెట్టు. వాడచ్చేసరికి షోకేసుల వెలగాలె.”

సరేనని అల్మారాలో పెట్టాను. అంత అందమైన బొమ్మ నా దగ్గరికి రావడం అరుదు. దాని గురించే ఆలోచిస్తూ ఉన్నాను. రేకులు ఎక్కడ పెట్టాలి, వైరు ఎటు దాచాలి అని కాగితం మీద గీసుకున్నాను కూడా.

నాలుగైదు రోజులకు మామ, ఆయన కోడలు సరోజ టేప్‌రికార్డరు తీసుకుని వచ్చారు. మల్లేశం క్యాసెట్ పంపాడట. ఉత్తరాలు రాయడం చేతకానివాళ్లు అప్పట్లో మాటలు క్యాసెట్‌లో నింపి, వచ్చేపోయేవాళ్లతో పంపేవారు. తెచ్చినాయన ముందు తన ఊరికి పోవడంతో ఇది ఆలస్యంగా చేరింది.

“టేపు తిరుగుతలేదు అన్నా,” అంది సరోజ.

లోపల బెల్టు సాగిపోయింది. మార్చాను. ఇక వేసి చూడాలి. భార్యాభర్తల మాటలు కదా, నేను బయటికి పోతానన్నాను.

“ఏముంటయి అన్నా, పొలం మోటరు ముచ్చట, ఎరువుల ముచ్చట. కూసో.”

మొదట అవే వచ్చాయి. తర్వాత మల్లేశం మాట తండ్రి వైపు మళ్లింది. వెనకాల ఫ్యాను చప్పుడు వినిపించింది.

“బాపూ, నర్సయ్యతోని ఒక డబ్బ పంపిన. అండ్ల క్రేను ముక్కలున్నయి. ఎవ్వలు జోడియ్యకుండ్రి. పోయినసారి బిడ్డ నా మొకం చూడలే. పిలిస్తె ఏడ్చింది. ఈసారి నేను పిలువ. ముక్కలన్ని ముందల పోసుకొని కూసుంట. చూసి చూసి అదే దగ్గరికస్తది. ఇద్దరం కలిసి జోడిస్తం. ఇంకో ఉపాయం తెల్వది నాకు.”

సరోజ చెయ్యి చాపి టేపు ఆపేసింది. మామ అల్మారా వంకే చూస్తున్నాడు.

“ఓదేలూ,” అని నా పేరు పెట్టి పిలిచాడు. “ఊడదియ్యస్తదా?”

బ్లేడు తీసుకుని కింద ఒక మూల ప్రయత్నించాను. ఇటుక పగుళ్లిచ్చింది గానీ సందు ఇవ్వలేదు.

“రాదు మామా.”

“వాడు అడగక అడగక ఒక్కటడిగిండు. అది నేను చెడగొట్టిన.” తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. అంత వయసు మనిషి నా స్టూలు మీద అలా కూలబడ్డాడు.

“మీరు ప్రేమతోనే చేసిండ్రు మామా,” అంది సరోజ.

ఇంకో డబ్బా తెప్పించే టైము లేదు. నేను క్రేను తీసి టేబుల్ మీద పెట్టుకుని చాలాసేపు చూశాను. ఇక మిగిలింది నా పనే. అప్పుడు తోచింది.

“మామా, లైటు నేను పెట్ట.”

“ఎందుకు? కోపమచ్చిందా?”

“కోపం కాదు. క్రేను నువ్వు జోడిచ్చినవ్. లైటన్న వాళ్లిద్దరికి ఇడిసిపెట్టు.”

ఒక బిస్కెట్ డబ్బాలో ఎర్ర బల్బు, హోల్డరు, వైరు ముక్కలు, ఇత్తడి రేకులు, కనెక్టర్లు, చిన్న స్క్రూ డ్రైవరు వేశాను. గీసుకున్న కాగితం కూడా మడిచి అందులోనే పెట్టాను. చేతికొచ్చిన మంచి పనిని చెయ్యకుండా ఇచ్చేయడం నాకు సులభంగా లేదు. చేతులు దురద పెట్టాయి. ఈ పనిలో ఉన్నవాడికే ఆ దురద తెలుస్తుంది.

కిటికీలో వేళ్లు

మల్లేశం వచ్చాడు. అతికించిన క్రేను చూసి తండ్రిని ఒక్క మాట అనలేదట. “మంచిగ జోడిచ్చినవ్ బాపూ” అన్నాడట. తిట్టినా బాగుండేదని మామ నా దగ్గర కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. పిల్ల ఇప్పుడు ఏడవడం లేదు, కానీ అతను ఒక తలుపు నుంచి వస్తే ఇంకో తలుపు నుంచి పోతోంది. ఏదైనా చెప్పాల్సి వస్తే నాన్నను ‘ఆయన’ అంటోంది. బిస్కెట్ డబ్బా విప్పి కూర్చుంటే గుమ్మం దాకా వచ్చి చూసి పారిపోతోంది. అతనికి లైటు పెట్టడం రావడం లేదు. సెలవు సగం అయిపోయింది.

“దుకాణానికి తోల్కరా మామా,” అన్నాను.

మరుసటి రోజు ముగ్గురూ వచ్చారు. మల్లేశం ఎండకు నల్లబడ్డ పెద్ద మనిషి, స్టూలు సరిపోలేదు. సుజాత తాత ధోతి పట్టుకుని వెనక నిలబడింది. ఒక కన్ను మాత్రం కనిపిస్తోంది. నేను పిల్లను పలకరించలేదు. మల్లేశానికి రేకుల సంగతి చెప్పాను. వేరే బొమ్మ అయితే క్యాబిను పైకప్పు ఎత్తి, రేకులను మోటారు వెనుక గాడిలో దూర్చేస్తే పని అయిపోతుంది. దీనికి పైకప్పు ఊడదు. ఉన్నదల్లా క్యాబినుకు ఒక చిన్న కిటికీ.

మల్లేశం రేకు పట్టుకుని వేలు పెట్టాడు. సగంలోనే ఇరుక్కుంది. రేకు లోపల పడిపోయింది. క్రేను తలకిందులు చేసి దులిపి, మళ్లీ పెట్టాడు. మళ్లీ పడింది. అంతెత్తు క్రేను మీద కూర్చుని ఇనుప దూలాలు ఎత్తేవాడికి ఆ చిన్న రేకు ముందు చెమటలు పట్టాయి. మామ తల దించుకున్నాడు. తన గమ్ము వల్లే ఇదంతా అని ఆయన బాధ.

నా దగ్గర సన్నని చిమ్టా ఒకటుంది, వాచీలు బాగుచేసేవాళ్లు వాడేది. దానితో అయితే పని అయిపోతుంది. తీద్దామని సొరుగు లాగాను. అదే సమయానికి ధోతి వెనుక నుంచి మాట వచ్చింది.

“గట్ల రాదు. నీ వేలు లావున్నది.”

నేను చిమ్టాను మెల్లగా లోపలికి తోసి సొరుగు మూసేశాను.

మల్లేశం పిల్ల వైపు చూడలేదు. క్యాసెట్‌లో చెప్పిన మాట మీద ఉన్నాడు. క్రేను వైపే చూస్తూ, “మరి ఎట్ల?” అన్నాడు.

“నాకియ్యి.”

రేకు ఇచ్చాడు. సుజాత టేబుల్ అంచు పట్టుకుని, రెండు వేళ్లు కిటికీలో దూర్చింది. సులువుగా పోయాయి.

“ఏడ పెట్టాలె?”

“మోటరు ఎనుక గాడి ఉంటది.”

“కనవడ్తలేదు.”

“కనవడది బిడ్డా. నేను పైన క్యాబిన్ల కూసుంటె నాకు గూడ కింద కనవడది. కిందున్నోడు చేతితోని చెప్తడు, నేను దించుత. ఇప్పుడు నువ్వు పైన, నేను కింద. సరేనా?”

అతను తన పనిలో కిందివాళ్లు చేసే సైగలే చేస్తూ చెప్పాడు. చెయ్యి పక్కకు ఊపి, “జర ఎడమకు.” పిడికిలి బిగించి, “ఆగు.” అరచెయ్యి కిందికి ఆడించి, “దించు, ఇంక దించు.” ఆ చేతుల ఊపు చూసి పిల్ల కిసుక్కున నవ్వింది. లోపల టిక్కుమని చప్పుడైంది. రేకు గాడిలో కూర్చుంది. రెండోది ఇంకా తొందరగా పెట్టేసింది.

తర్వాత వైర్లు. అతను స్క్రూ తిప్పుతుంటే కొస జారింది.

“బాపూ, వైరు గట్టిగ పట్టు. జారుతుంది.”

మల్లేశం చేతిలో స్క్రూ డ్రైవరు ఆగిపోయింది. మామ బీడీ తాగొస్తానని మెట్ల మీదికి పోయాడు. ఆయన జేబులో బీడీలు లేవు, నాకు తెలుసు. నేను కూడా ఏదో పాత రేడియో ముందేసుకుని ముఖం అందులో పెట్టాను. ఆ రేడియోలో చెయ్యాల్సిందేమీ లేదు.

స్విచ్చు వేస్తే మోటారు తిరిగింది, కొక్కెం పైకి లేచింది, లైటు మాత్రం వెలగలేదు. బల్బు వదులుగా ఉందని నాకు ఇక్కడి నుంచే కనిపిస్తోంది. నోరు మెదపలేదు. తండ్రీ కూతుళ్లు తలలు దగ్గర పెట్టి వెతికారు. చివరికి పిల్లే బల్బు బిగించింది. ఎర్రగా వెలిగింది, ఆరింది, వెలిగింది. మెట్ల మీద నుంచి మామ తొంగి చూశాడు.

“బావా, వైరుకు సోల్డర్ పెట్టెయ్యి. గట్టిగుంటది,” అన్నాడు మల్లేశం.

“పెట్ట. స్క్రూలే ఉండనియ్యి,” అన్నాను. అలవాటు కొద్దీ అన్నాను, అంతకన్నా ఏమీ లేదు.

బిగించి మూసేయడం నాకు ఇప్పటికీ గిట్టదు. కానీ ఆరోజు మామ పైపుల గమ్ము పెట్టకపోతే మల్లేశం ఒక్కడే పైకప్పు ఎత్తి పని ముగించేవాడు. పిల్ల గుమ్మంలోంచి చూసి పారిపోయేది. దీన్ని ఏ సూత్రంలో ఇరికించాలో నాకు తెలియదు. మామకు మాత్రం ఈ మాట చెప్పాను. ఆయన రెండు రోజులు బజారంతా తిరిగి తన గమ్ము గొప్పతనం చెప్పుకున్నాడు.

ఇంకో సంగతి కూడా రాసి ముగిస్తాను. వచ్చినవాడి చేతిలోని వస్తువునే చూడకండి, అది ఎవరి కోసం వచ్చిందో అడగండి. కొన్నిసార్లు పూర్తిగా చేసి ఇవ్వాలి. కొన్నిసార్లు సగం వదలాలి. ఎప్పుడేది అన్నది మీటర్ చెప్పదు, ఎదుటి మనిషి ముఖం చెప్తుంది.

స్క్రూలు

మల్లేశం తిరిగి పోయిన రోజు సుజాత లైటూ వైర్లూ రేకులూ విప్పి బిస్కెట్ డబ్బాలో దాచిందట. బాపు వచ్చినంక పెడతామని చెప్పిందట. అది వాళ్లింట్లో ఒక ఆచారమైపోయింది. అతను సెలవు మీద వస్తే ఇద్దరూ కూర్చుని బిగిస్తారు, అతను పోయాక ఆమె విప్పేస్తుంది. వీధిలోకి వాళ్లింటి కిటికీలోంచి షోకేసు కనిపించేది. ఎర్ర లైటు ఆరుతూ వెలుగుతుంటే ఆ దారిన పోయేవాళ్లు మల్లేశం వచ్చినట్టుందని అనుకునేవారు. లేకపోతే క్రేను చీకట్లో ఊరికే నిలబడి ఉండేది.

కొన్నేళ్లకు పిల్ల వేళ్లు క్రేను కిటికీలో పట్టలేదు. నా దగ్గరికి వచ్చి సన్ననిదేమన్నా ఉందా అని అడిగింది. చిమ్టా తీసి ఇచ్చాను. దాన్ని అటూ ఇటూ తిప్పి నా ముఖంలోకి చూసింది.

“ఇది అప్పుడు లేదా మామా?”

“తర్వాత కొన్న బిడ్డా,” అన్నాను. నమ్మలేదు. నవ్వి తీసుకుపోయింది.

తొంభైల మధ్యలో ఒకరోజు సుజాత మళ్లీ వచ్చింది. అప్పటికి ఇంటర్ చదువుతోంది. సైకిల్ వెనుక క్రేను, చేతిలో తుప్పుపట్టిన బిస్కెట్ డబ్బా.

“మామా, వైర్లకు సోల్డర్ పెట్టియ్యి.”

ఇక నేను మొదలుపెట్టాను. ఉస్తాద్ గురించి, పగిలిన అద్దం గురించి, లక్క సేటు గురించి, మళ్లీ విప్పేవాడి గురించి. ఎవరు సోల్డర్ పెట్టమన్నా నేను చెప్పే పాఠమే అది. ఆ పిల్ల ఎక్కడా అడ్డు రాకుండా అంతా విన్నది.

“బాపు ఇగ పోడట మామా,” అంది. “పాస్‌పోర్టు బీరువల పడేసిండు. మల్ల ఊడదీసే పని లేదు.”

సోల్డరింగ్ ఐరన్ ప్లగ్గులో పెట్టాను. కాలాక నేను పట్టుకోలేదు, పిడి తుడిచి ఆమె చేతికే ఇచ్చాను. ఆమె వైరు కొసలు సరిచేసుకుని, వీధిలో సైకిల్ దగ్గర నిలబడ్డ మనిషిని కేకేసింది.

“బాపూ, లోపలికి రా. వైరు పట్టు.”